రెండు కోర్సులు వాడినా హెచ్ పైలోరీ ఐజీజీ పాజిటివే, మూడోసారి ఏం ఇవ్వాలి?

కొత్త స్టెత్

నమస్తే అండీ అందరికీ. నేను ఫ్యామిలీ క్లినిక్‌లో చేరి ఏడాది కూడా కాలేదు, ప్రశ్న మరీ చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటే తిట్టకండి.

38 ఏళ్ల ఆవిడ, ఆరేడు నెలలుగా పైకడుపులో మంట, కొంచెం తినగానే కడుపు నిండిపోయినట్టు ఉంటుందట, రాత్రిళ్లు అప్పుడప్పుడు నొప్పికి మెలకువ వస్తుందట. వేరే చోట హెచ్ పైలోరీ (కడుపులో చేరే బ్యాక్టీరియా) అని ముందు 7 రోజులు ట్రిపుల్ థెరపీ ఇచ్చారు, యాసిడ్ తగ్గించే పీపీఐ, అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్ అనే రెండు యాంటీబయాటిక్స్. తగ్గలేదని రెండు నెలలాగి మళ్లీ అవే మూడు, ఈసారి 10 రోజులు. అది అయిపోయి ఇప్పటికి 3 నెలలు. ఫైల్లో హెచ్ పైలోరీ ఐజీజీ (రక్తంలో యాంటీబాడీ చూసే పరీక్ష) రిపోర్టులు మూడున్నాయి, మూడూ పాజిటివ్, మూడింటి కిందా ఎవరో ఎర్రపెన్నుతో గీత గీసి పెట్టారు. రోజూ పొద్దున పాంటోప్రజోల్ 40 (అదీ పీపీఐయే) వేసుకుంటున్నారు. "ఈ పురుగు నన్ను వదలదా డాక్టర్ గారూ" అని అడిగితే ఏం చెప్పాలో తెలీక టెస్టులు చూసి చెప్తానని పంపించేశాను, నిజం చెప్పాలంటే కొంచెం టైం కొన్నాను అంతే.

బరువు తగ్గలేదు, మింగడానికి ఇబ్బంది లేదు, వాంతులు లేవు, మలం నల్లగా రాలేదు అంటున్నారు, ఇంట్లో ఎవరికీ కడుపు క్యాన్సర్ లేదు. ఇప్పుడు డైరెక్టుగా ఎండోస్కోపీకి పంపాలా, లేక నాలుగు మందుల క్వాడ్రపుల్ మొదలుపెట్టేయాలా? క్వాడ్రపుల్ రాయడానికి చెయ్యి రెడీగానే ఉంది కానీ ఏదో తేడాగా అనిపించి ఇక్కడ అడుగుతున్నా.

పాతకాపు

తేడాగా అనిపించింది కదా, ఆ అనుమానమే కరెక్టు. పెన్ను కింద పెట్టండి.

మీ దగ్గరున్న ఆ మూడు రిపోర్టులూ ఒకే సంగతి చెప్తున్నాయి, ఆవిడకి ఎప్పుడో ఒకప్పుడు ఈ బ్యాక్టీరియా సోకింది అని. ఇప్పుడు ఉందో లేదో వాటికి తెలీదు. దొంగ ఊరొదిలి పోయినా స్టేషన్ గోడ మీద వాడి ఫోటో అలాగే ఉంటుంది చూడండి, ఐజీజీ అలాంటిది, బ్యాక్టీరియా పూర్తిగా పోయాక కూడా నెలలు, కొందరిలో ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది. అందుకే ట్రీట్‌మెంట్ పనిచేసిందా లేదా అని చూడటానికి రక్తపరీక్ష అస్సలు వాడకూడదు, మొదటిసారి డయాగ్నోసిస్‌కి కూడా గైడ్‌లైన్లు వద్దనే అంటున్నాయి. ఒకే పరీక్ష మూడుసార్లు చేయించి మూడుసార్లూ గీత గీసినాయన ఎవరోగానీ, ఆ పెన్ను ఇంకు దండగ.

కాబట్టి మీ ప్రశ్నే మారుతుంది. "మూడో కోర్సు ఏది" కాదు, "అసలు బ్యాక్టీరియా ఉందా" అనేది ముందు తేలాలి. దానికి ఊపిరితో చేసే యూరియా బ్రెత్ టెస్టో, మలంలో బ్యాక్టీరియా ఆనవాళ్లు వెతికే స్టూల్ యాంటీజెన్ టెస్టో, ఏది దొరికితే అది. యాంటీబయాటిక్స్, క్వాడ్రపుల్లో ఉండే బిస్మత్ ఆపి కనీసం 4 వారాలు అవ్వాలి, మీ పేషెంట్‌కి 3 నెలలైంది కాబట్టి ఆ బాధ లేదు. కానీ పాంటోప్రజోల్ మాత్రం 2 వారాలు ఆపించాల్సిందే. పీపీఐ మీద ఉంటే బ్యాక్టీరియా సంఖ్య తగ్గిపోతుంది, మిగిలినవి కడుపు కింది భాగం నుంచి పైకి సర్దుకుంటాయి, టెస్ట్ నెగటివ్ వచ్చేస్తుంది, మీరు పోయిందనుకుంటారు, అది హాయిగా లోపలే ఉంటుంది. దీనికి రివర్స్ కూడా గుర్తుపెట్టుకోండి, పీపీఐ వాడుతున్నా కూడా బ్రెత్ టెస్ట్ పాజిటివ్ వచ్చిందంటే దాన్ని నమ్మొచ్చు, నెగటివ్‌నే నమ్మకూడదు.

ఆ రెండు వారాలు మంట ఎలా తట్టుకుంటారు అని అడుగుతారు, ఖచ్చితంగా అడుగుతారు. యాంటాసిడ్ ద్రవం ఇవ్వండి, మరీ ఇబ్బందైతే ఫామోటిడిన్ (పీపీఐ కాని యాసిడ్ మందు), అది కూడా టెస్టుకి ఒకటి రెండు రోజుల ముందు ఆపేస్తే మంచిది. ముందే కూర్చోబెట్టి చెప్పండి, చెప్పకపోతే నాలుగో రోజు మంట తట్టుకోలేక ఇంట్లో మిగిలిన పీపీఐ వేసేసుకుంటారు, మీకు చెప్పరు కూడా.

ఎండోస్కోపీ సంగతి: 60 లోపు వయసు, ప్రమాద లక్షణాలేవీ లేవంటే ముందు టెస్ట్ చేసి, ఉంటే ట్రీట్ చేయడమే పద్ధతి, అందరికీ గొట్టం వేయక్కర్లేదు. కొన్ని చోట్ల ఈ వయసు గీత ఇంకా కిందకి పెట్టుకుంటారు, కడుపు క్యాన్సర్ ఎక్కువుండే ప్రాంతాల్లో మరీను. కానీ హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూశారా? మీరు రాయలేదు. ఐరన్ తక్కువుంటే లెక్క మారిపోతుంది, అప్పుడు స్కోప్‌కి పంపండి.

బెంచ్ మీద మైక్రో

పాతకాపు సార్ చెప్పాక నేను కలిపేది పెద్దగా లేదు, ల్యాబ్ వైపు నుంచి రెండు ముక్కలు.

ఈ బ్యాక్టీరియా దగ్గరున్న అసలు ఆయుధం యూరియేజ్ అనే ఎంజైమ్. యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది, ఆ అమ్మోనియా చుట్టూ కప్పుకుని యాసిడ్లో బతుకుతుంది. మనం పట్టుకునేది కూడా దాంతోనే. కార్బన్-13 ఉన్న యూరియా తాగించి, తాగకముందు ఒకసారి, సుమారు అరగంట తర్వాత ఒకసారి సంచిలోకి ఊదిస్తాం, రెండో ఊపిరిలో కార్బన్-13 పెరిగితే లోపల దాన్ని విరగ్గొట్టేది ఉన్నట్టే. పరగడుపున రావాలి, పొగ తాగి రాకూడదు. కార్బన్-14 తో కూడా చేస్తారు, అందులో కొద్దిపాటి రేడియేషన్ ఉంటుంది కాబట్టి గర్భిణులకీ పిల్లలకీ వద్దు. ఎండోస్కోపీలో తీసిన ముక్కని పసుపుపచ్చ జెల్లో పెడితే గులాబీ రంగుకి తిరగడం కూడా ఇదే కథ, అమ్మోనియా వల్ల. అయితే అల్సర్ నుంచి రక్తం కారుతున్నప్పుడు చేస్తే ఈ టెస్టులు తప్పుగా నెగటివ్ వస్తుంటాయి, అప్పుడొచ్చిన నెగటివ్‌ని పట్టుకుని కూర్చోకండి, తర్వాత మళ్లీ చేయండి.

స్టూల్ టెస్ట్ రాసేటప్పుడు మాత్రం చూసి రాయండి ప్లీజ్, "స్టూల్ యాంటీజెన్" అని పూర్తిగా. చీటీ మీద ఉత్త "హెచ్ పైలోరీ టెస్ట్" అని పంపిస్తే చాలా చోట్ల రక్తం తీసి యాంటీబాడీ చేసి ఇచ్చేస్తారు. మీ పేషెంట్‌కి మూడుసార్లు జరిగింది బహుశా ఇదే, డాక్టర్ ఒకటి అనుకున్నారు, ల్యాబ్ ఇంకోటి చేసింది. మోనోక్లోనల్ కిట్‌తో ల్యాబ్‌లో చేసే ఎలైజా అయితే బ్రెత్ టెస్టుకి దగ్గర్లో నమ్మొచ్చు, పట్టీ మీద గీత చూసే రాపిడ్ కిట్లు అంత కాదు. నీళ్ల విరేచనం శాంపిల్ అయితే కచ్చితత్వం పడిపోతుంది, అలాగే శాంపిల్ మధ్యాహ్నం దాకా హ్యాండ్‌బ్యాగులో తిరిగి వస్తే నేనేం చేయలేను, చల్లగా ఉంచి త్వరగా పంపమనండి.

సరదాకి ఒకటి, ఇదంతా మొదలైందే ఓపిగ్గా ఎదురుచూడ్డం వల్ల. 1982లో పెర్త్‌లో మార్షల్, వారెన్ వాళ్ల ప్లేట్లు రెండ్రోజులకే ఏమీ పెరగలేదని పారేస్తూ ఉంటే, ఈస్టర్ సెలవుల్లో ఎవరూ రాక అవి ఇంక్యుబేటర్లోనే ఉండిపోయి కాలనీలు కనపడ్డాయి. నెమ్మదిగా పెరిగే రకం ఇది. ఆ తర్వాత 1984లో మార్షల్ ఆ కల్చర్ తనే తాగి గ్యాస్ట్రైటిస్ తెచ్చుకున్నాడు, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇప్పటికీ కల్చర్ పెట్టమంటే మా ల్యాబ్‌లో అందరూ మొహాలు చూసుకుంటారు, అంత పేచీ పురుగు.

గొడవెందుకు

ఇంత పెద్ద తతంగం అవసరమా? ప్రపంచంలో సగానికి దగ్గరగా జనాలకి ఇది ఉంది, చాలామందికి ఏమీ అవ్వదు. రెండు కోర్సులు అయ్యాయి, పీపీఐ కంటిన్యూ చేసి పంపేస్తే సరిపోతుంది కదా, ఓపీలో ఒక్కొక్కరికి దొరికేది ఐదారు నిమిషాలు, అందులో ఇదంతా ఎక్కడ చెప్తాం.

పాతకాపు

టైం లేదన్న మాట నిజమే, కాదనను. కానీ ఏమీ అవ్వని చాలామంది మన దగ్గరికి రారండీ, వచ్చేది అయినవాళ్లే. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని మొదటి తరగతి క్యాన్సర్ కారకాల్లో పెట్టింది. ఉందని తేలితే వదిలేయడానికి లేదు, ఉందో లేదో తేలకుండా మందు గుప్పించడానికీ లేదు. పీపీఐ ఒక్కటే ఇస్తూ పోతే మంట తగ్గుతుంది, పురుగు ఉంటుంది, పైగా తర్వాత చేసే ప్రతి టెస్టునీ అదే చెడగొడుతుంది.

అలాగని వచ్చినవాళ్లందరికీ ఈ టెస్టు రాయమనట్లేదు, ఉత్త ఛాతీమంట, పులితేన్పులు, రిఫ్లక్స్ అని స్పష్టంగా తెలుస్తుంటే దీని జోలికే వెళ్లక్కర్లేదు. అజీర్ణం, అల్సర్, కారణం తెలీని ఐరన్ లోపం, తక్కువ ప్లేట్‌లెట్ల ఐటీపీ, అమ్మానాన్నల్లోనో తోబుట్టువుల్లోనో కడుపు క్యాన్సర్, చాలాకాలం ఆస్పిరిన్ మొదలుపెట్టబోతున్నవాళ్లు, వీళ్లని చూడండి చాలు.

మాత్రలమ్మ

నేను ఫార్మసిస్ట్‌ని, కౌంటర్ ఇవతల నుంచి కనపడేది కొంచెం వేరు.

డాక్టర్ గారూ, ముందుగా ఒకటి అడుగుతా, ఆవిడ పెయిన్ కిల్లర్లు ఏమైనా వాడుతున్నారా? "వేరే మందులేమైనా వాడుతున్నారా" అని అడిగితే 10 మందిలో 9 మంది లేదనే అంటారు నా దగ్గర, ఎందుకంటే వాళ్ల దృష్టిలో అవి మందులే కాదు, తలనొప్పి బిళ్ల అంతే. "నడుంనొప్పికి, తలనొప్పికి, నెలసరి నొప్పికి ఏం వేసుకుంటారు, వారానికి ఎన్ని" అని విడివిడిగా అడగండి, అప్పుడు బ్యాగులోంచి స్ట్రిప్ బయటికొస్తుంది. అల్సర్‌కి హెచ్ పైలోరీ తర్వాత పెద్ద కారణం ఇవే కదా. ఇంజెక్షన్ అయినా అంతే, కడుపులో పడకపోయినా కడుపు పొరని కాపాడే ప్రోస్టాగ్లాండిన్‌ని ఆపేది రక్తంలోంచే.

రెండోది, ఒకవేళ పాజిటివ్ వచ్చి క్వాడ్రపుల్ రాస్తే దయచేసి టెట్రాసైక్లిన్ బదులు డాక్సీసైక్లిన్ అని రాయకండి. టెట్రాసైక్లిన్ దొరకడం కష్టమని నాకూ తెలుసు, అందుకు రోజుకి ఇద్దరు ముగ్గురితో వాదిస్తుంటాను, కానీ దీని విషయంలో రెండూ ఒకటి కాదు, డాక్సీతో ఫలితాలు బాగా తక్కువ. టెట్రాసైక్లిన్‌తో పాటు యాంటాసిడ్, ఐరన్, క్యాల్షియం బిళ్లలు ఒకేసారి వేసుకుంటే మందు వాటికి అతుక్కుని బయటికి పోతుంది, కనీసం రెండు మూడు గంటల తేడా ఉండాలి. గర్భిణులకి వద్దు, 8 ఏళ్ల లోపు పిల్లలకి వద్దు. క్లారిత్రోమైసిన్ రాస్తే సిమ్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు) ఉందేమో చూడండి, మెట్రోనిడజోల్ రాస్తే వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది) ఉందేమో చూడండి, ఆ జంటలు పడవు.

ఇంకోటి, రోజుకి పదిహేను పదహారు బిళ్లలు, 14 రోజులు. నేను ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీసి, పొద్దున గడిలో సూర్యుడు, రాత్రి గడిలో చంద్రుడు బొమ్మేసి, ఏ గడిలో ఏ రంగు బిళ్ల ఎన్నో పెన్నుతో చుక్కలు పెట్టి కవరుకి పిన్ చేసి ఇస్తాను, రెండు నిమిషాల పని. కాగితం లేకుండా వెళ్లినవాళ్లలో చాలామంది ఆరో రోజుకి నాలుగు పూటల మందుని రెండు పూటలు చేసేసుకుని ఉంటారు.

మంట తెలిసినవాణ్ణి

నేను డాక్టర్‌ని కాదు, ఆ 14 రోజుల కోర్సు వాడిన పేషెంట్‌ని, చెప్పొచ్చో లేదో తెలీదు కానీ చెప్తున్నా. మూడో రోజు మలం తారులాగా నల్లగా వచ్చింది, నాలుక కూడా నల్లబడింది. నెట్‌లో చూస్తే లోపల రక్తం పోతుంటే ఇలా ఉంటుందని ఉంది, భయపడి అన్నీ ఆపేశాను. రెండ్రోజుల తర్వాత ఫోన్ చేస్తే అది బిస్మత్ వల్ల బాబూ, మామూలే అన్నారు, ఆ ఒక్క మాట ముందే చెప్పుంటే నేను మళ్లీ మొదటి నుంచి వాడాల్సి వచ్చేది కాదు. నోట్లో ఇనుప చెంచా పెట్టుకున్నట్టు రుచి, అది మాత్రం 14 రోజులూ ఉంది. పోయిందనుకోండి ఇప్పుడు.

పాతకాపు

మీరు చెప్పింది నా పోస్ట్‌లో ఉండాల్సిన మాట అండీ, నేనే వదిలేశాను. డాక్టర్లకి ఒక్క తేడా కలుపుతా: బిస్మత్ నలుపుకి జిగట ఉండదు, ఆ ప్రత్యేకమైన కంపు ఉండదు. జిగటగా, కంపుతో వస్తూ కళ్లు తిరుగుతున్నాయంటే మాత్రం అది బిస్మతే అని సర్దిచెప్పుకోవద్దు, వెంటనే చూడాలి.

మూడో గది

మధ్యలో దూరుతున్నా. నా పేషెంట్‌కి స్టూల్ యాంటీజెన్ పాజిటివే, ఇదే మొదటి కోర్సు, కానీ పెన్సిలిన్ ఎలర్జీ అని కార్డు మీద ఉంది. ఏం ఇవ్వమంటారు?

పాతకాపు

మీకే సులువు. బిస్మత్ క్వాడ్రపుల్లో పెన్సిలిన్ లేనే లేదు. ఎలర్జీ ఉన్నా లేకపోయినా, బ్యాక్టీరియా ఏ మందుకి లొంగదో చెప్పే రెసిస్టెన్స్ రిపోర్టు చేతిలో లేనప్పుడు మొదటి ఎంపిక ఇప్పుడు అదే, 2024 అమెరికన్ గ్యాస్ట్రో గైడ్‌లైన్ కూడా అదే చెప్తోంది. పీపీఐ రోజుకి 2 సార్లు తినడానికి అరగంట ముందు, బిస్మత్ 4 సార్లు, టెట్రాసైక్లిన్ 500 మి.గ్రా. 4 సార్లు, మెట్రోనిడజోల్ 500 మి.గ్రా. 3 లేక 4 సార్లు, మొత్తం 14 రోజులు. 7 రోజులు, 10 రోజులు అని బేరాలాడకండి. పీపీఐలో కూడా పాంటోప్రజోల్ 40 అంటే బలం లెక్కలో ఒమెప్రజోల్ 9 మి.గ్రా. కి సమానం అంతే, ఈ పనికి రాబెప్రజోల్ గానీ ఈసోమెప్రజోల్ గానీ మేలు. వోనోప్రజాన్ (ఇదీ యాసిడ్ తగ్గించేదే) దొరికే చోట దాంతో కాంబినేషన్లు కూడా వచ్చాయి, కానీ వాటిల్లో ఎక్కువ వాటికి పెన్సిలిన్ జాతి అమాక్సిసిలిన్ కావాలి, మీ పేషెంట్‌కి కుదరదు.

ఆ ఎలర్జీ కార్డు ఒకసారి తవ్వండి కూడా. చిన్నప్పుడు జ్వరంలో ఏదో దద్దురు వచ్చిందని రాసినవే ఎక్కువ, ఎలర్జీ టెస్ట్ చేస్తే చాలామందికి అసలు ఉండదు. ఇంతగా తవ్వమనేది ఎందుకంటే, అమాక్సిసిలిన్‌కి ఈ బ్యాక్టీరియా రెసిస్టెన్స్ తెచ్చుకోవడం అరుదు, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, అంత మంచి మందుని ఊరికే పోగొట్టుకోవద్దు. క్లారిత్రోమైసిన్ అలా కాదు, ఒకసారి వాడి ఫెయిలైతే ఆ తలుపు మూసుకుపోయినట్టే, రెండోసారి అదే ఇవ్వడం వేస్ట్. లెవోఫ్లాక్సాసిన్ కూడా అంతే. మెట్రోనిడజోల్‌కి రెసిస్టెన్స్ ఉన్నా క్వాడ్రపుల్లో డోసు బాగా ఇస్తే చాలావరకు దాటిపోతుంది. కోర్సు అయ్యాక 4 వారాలాగి మళ్లీ స్టూల్ యాంటీజెన్, ఆ తేదీ ఇప్పుడే చీటీ మీద రాసివ్వండి, "తగ్గకపోతే రండి" అంటే బాగున్నవాళ్లు ఎవరూ రారు, బాగున్నంత మాత్రాన పురుగు పోయినట్టు కాదు.

కొత్త స్టెత్

మూడు వారాల తర్వాత వస్తున్నా, సారీ.

మాత్రలమ్మ గారూ, మీకు దండం. మీరు రాసినట్టే విడివిడిగా అడిగాను. నడుంనొప్పికి ఏం లేదన్నారు, నెలసరికి ఏం లేదన్నారు, తలనొప్పికి అనేసరికి ఒక్క క్షణం ఆగి బ్యాగు జిప్ తీశారు, ఐబుప్రోఫెన్ 400 స్ట్రిప్ సగం ఖాళీ, వారంలో నాలుగైదు రోజులు, ఒక్కోసారి రోజుకి రెండు. ఎప్పట్నుంచి అంటే ఏడెనిమిది నెలల నుంచి, అంటే మంట మొదలవ్వడానికి కొంచెం ముందు నుంచే. మూడు ఐజీజీలు చేయించారుగానీ ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు, ముందు నేనూ వేయలేదు.

అది ఆపించి తలనొప్పికి పారాసిటమాల్ రాశాను, అది మైగ్రేన్‌లా ఉంది, దాని సంగతి వేరే చూడాలి. పాంటోప్రజోల్ కూడా ఆపి 16 రోజులు ఉంచాను, ఐదో రోజు ఫోన్ చేశారు తట్టుకోలేకపోతున్నా అని, యాంటాసిడ్ పెంచి ఓపిక పట్టమన్నాను. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ రెండూ నార్మల్. స్టూల్ యాంటీజెన్, చీటీ మీద పూర్తిగా రాసి పంపాను, మోనోక్లోనల్ ఎలైజాయే చేశారు, నెగటివ్. అంటే రెండు కోర్సుల్లో ఏదో ఒకటి పనిచేసేసి ఉంటుంది, లేక అంతకుముందే పోయిందో, ఇప్పుడు తెలిసే దారి లేదు. శాంపిల్ ఇచ్చిన రోజే పీపీఐ మళ్లీ మొదలుపెట్టించాను, 8 వారాలకి. ఇప్పటికి మంట సగానికి సగం తగ్గిందంటున్నారు, రాత్రిళ్లు లేవట్లేదట.

పాతకాపు

బాగుంది. 8 వారాల తర్వాత కూడా మిగిలితే స్కోప్ చేయించండి, అప్పుడు తప్పించుకోవడానికి లేదు. ఇంకో పని ఉంది మీకు, ఆ ఫైల్లో మొదటి పేజీ మీదే పెద్దక్షరాలతో రాయండి, స్టూల్ యాంటీజెన్ నెగటివ్, తేదీ, పీపీఐ ఆపి 16 రోజులు, ఇక ఐజీజీ చేయించవద్దు అని. లేకపోతే ఏడాది తర్వాత ఇంకో క్లినిక్‌లో ఇంకొకరు ఆ మూడు ఎర్రగీతలు చూసి మూడో కోర్సు రాసేస్తారు.

కొత్త స్టెత్

రాసేశాను సార్, నేను కూడా ఎర్రపెన్నుతోనే.